‘ఐ నో’ అంటాం, ‘ఐ యామ్ నోయింగ్’ అనం: స్థితి క్రియలనూ పని క్రియలనూ గుర్తుపట్టే పద్ధతి

ఇంగ్లీషులో కాలాలన్నీ నేర్చుకున్నవారు కూడా ఒకచోట తడబడతారు. ఇప్పుడు జరుగుతున్నదాన్ని చెప్పడానికి ప్రెజెంట్ కంటిన్యువస్ వాడాలని పాఠం చెబుతుంది. ఆ సూత్రాన్ని నమ్మి, ‘ఆమె పేరు నాకు ఇప్పుడు తెలుసు’ అనడానికి ‘ఐ యామ్ నోయింగ్ హర్ నేమ్’ అంటే అది తప్పంటారు. ఎందుకు తప్పో మాత్రం చాలామంది చెప్పరు. నో, లవ్, వాంట్, హ్యావ్, థింక్ అంటూ స్టేటివ్ వెర్బ్స్ జాబితా ఒకటి ఇచ్చి, వీటికి ఐఎన్‌జీ చేర్చకూడదని బట్టీ పట్టిస్తారు. ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ అనే వాక్యం కనబడేదాకా ఆ జాబితా బాగానే ఉంటుంది. థింక్ జాబితాలో ఉన్న మాటే, అయినా ఇక్కడ ఐఎన్‌జీ వచ్చింది, వాక్యం నూటికి నూరుపాళ్లూ సరైనదే. దాంతో నేర్చుకునేవారికి జాబితా మీద నమ్మకం పోతుంది, కొన్నాళ్లకు వ్యాకరణం మీదే పోతుంది.

అందుకే జాబితాతో మొదలుపెట్టవద్దంటాను. స్టేటివ్, యాక్షన్ అనేవి క్రియల మీద శాశ్వతంగా వేసిన ముద్రలు కావు. ఒక వాక్యంలో ఆ క్రియ ఏ అర్థంలో వచ్చిందో చూసి, ఆ అర్థం స్థితా, పనా అని తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో స్టేటివ్ వెర్బ్స్‌ను స్థితి క్రియలని, యాక్షన్ వెర్బ్స్‌ను పని క్రియలని అంటాను. కొన్ని పుస్తకాల్లో రెండోవాటినే డైనమిక్ వెర్బ్స్ అంటారు.

మొదటి అడుగు: సింపుల్ ప్రెజెంట్ చేసే పనిని గమనించండి

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టండి: ‘షీ రైట్స్ లెటర్స్’, ‘షీ నోస్ ద ఆన్సర్’. రెండూ సింపుల్ ప్రెజెంటే. మొదటిదానికి అర్థం, ఉత్తరాలు రాయడం ఆమెకు అలవాటని. ఈ మాట అంటున్న సమయంలో ఆమె నిద్రపోతూ ఉండవచ్చు. రెండో వాక్యంలో అలవాటు ప్రసక్తే లేదు. జవాబు ఆమెకు తెలుసు, ఈ క్షణంలో తెలుసు.

తేడా అంతా ఇక్కడే ఉంది. పని క్రియను సింపుల్ ప్రెజెంట్‌లో పెడితే సాధారణంగా అలవాటు వస్తుంది. ‘ఇప్పుడు’ అనే అర్థం కావాలంటే ‘షీ ఈజ్ రైటింగ్ ఎ లెటర్’ అనక తప్పదు. స్థితి క్రియ మాత్రం సింపుల్ ప్రెజెంట్‌లోనే ‘ఇప్పుడు’ అనే అర్థాన్ని ఇచ్చేస్తుంది. కంటిన్యువస్ వచ్చి కొత్తగా చేర్చేదేమీ ఉండదు.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం. కంటిన్యువస్ ఒక సంఘటనను దాని నడుమ నుంచి చూపిస్తుంది. ఉత్తరం రాయడానికి మొదలుంది, నడుముంది, చివరుంది. ‘ఈజ్ రైటింగ్’ అన్నప్పుడు మనం ఆ నడుమ ఉన్నాం. జవాబు తెలిసి ఉండటానికి అలాంటి నడుమ లేదు. తెలియడం మొదలై, సగానికి వచ్చి, పూర్తయ్యే వ్యవహారం కాదది. తెలిసిన మొదటి నిమిషంలో ఎలా ఉందో పదేళ్ల తరువాతా అలాగే ఉంటుంది. నడుమ లేనిదాన్ని నడుమ నుంచి చూపించలేం కాబట్టే ‘ఈజ్ నోయింగ్’ కుదరదు. ఈ కారణం ఒకసారి మనసుకు పట్టిందంటే మిగతా నియమాలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

ఒక చిన్న మినహాయింపు చెప్పి ముందుకు సాగుతాను. ‘ఐ ప్రామిస్’, ‘ఐ అపాలజైజ్’ వంటివి పని క్రియలే అయినా సింపుల్ ప్రెజెంట్‌లో ‘ఇప్పుడే’ అనే అర్థమిస్తాయి, ఎందుకంటే ఆ మాట అనడంతోనే ఆ పని అయిపోతుంది. ఆటల వ్యాఖ్యానంలో ‘హీ పాసెస్, హీ షూట్స్’ అనడమూ ఇలాంటిదే. పని ఎంత వేగంగా ముగుస్తుందంటే, దాని నడుమ నిలబడి చూసే వ్యవధి వ్యాఖ్యాతకు ఉండదు.

రెండో అడుగు: వాక్యాన్ని ప్రశ్నించండి

అనుమానం వచ్చిన వాక్యాన్ని మూడు రకాలుగా పరీక్షించవచ్చు. మొదటిది, ‘వాట్ ఈజ్ షీ డూయింగ్?’ అనే ప్రశ్నకు అది జవాబుగా సరిపోతుందా? ‘షీ ఈజ్ క్లీనింగ్ ద రూమ్’ సరిపోతుంది. ఏం చేస్తోందని అడిగితే ‘ఒక ఇంటికి యజమానురాలిగా ఉంది’ అని ఎవరూ చెప్పరు, కాబట్టి ‘ఓన్’ స్థితి. రెండోది, అదే మాటను ఆజ్ఞగా మార్చి చూడండి. ‘క్లీన్ ద రూమ్’ అనవచ్చు. ‘ఓన్ ఎ హౌస్’, ‘రిజెంబుల్ యువర్ ఫాదర్’ అని ఎవరినీ ఆజ్ఞాపించలేం. మూడోది, ‘కేర్‌ఫుల్లీ’, ‘డెలిబరేట్లీ’ వంటి మాట చేర్చి చూడండి. జాగ్రత్తగా తుడవవచ్చు, కావాలని తుడవవచ్చు. జాగ్రత్తగా నాన్న పోలికలు కలిగి ఉండటం ఎవరి తరమూ కాదు.

ఈ పరీక్షలు ఎంత ఉపయోగపడతాయో, వాటినే వేదవాక్కుగా తీసుకుంటే అంత తప్పుదారి పట్టిస్తాయి. వాన కురవడం ఎవరి ఆజ్ఞతోనూ జరగదు, వాన దేన్నీ కావాలని చేయదు. అయినా ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటాం. మొక్క పెరగడమూ అంతే. ఇంకోవైపు స్లీప్, వెయిట్, సిట్ వంటివాటిలో కదలికే కనబడదు, అయినా ‘హీ ఈజ్ స్లీపింగ్’, ‘వుయ్ ఆర్ వెయిటింగ్’ అనేవి నిక్షేపంగా సరైన వాక్యాలు. ‘నో యువర్ రైట్స్’ అని నినాదం ఇస్తే అది ఆజ్ఞే, కాని అక్కడ ‘నో’కు తెలుసుకోండి అని అర్థం. తెలుసుకోవడం పనే.

కాబట్టి చివరికి మిగిలే ప్రశ్న ఇది: ఈ వాక్యంలో ఏదైనా జరుగుతోందా, లేక ఏదైనా ఉందా? మనిషి తలపెట్టాడా లేదా, ఒళ్లు కదిలిందా లేదా అన్నది రెండో సంగతి. వాన జరుగుతోంది, నిద్ర జరుగుతోంది, ఎదురుచూపు జరుగుతోంది. పోలిక ఉంది, సొంతం అయి ఉంది, తెలిసి ఉంది. ఈ ఒక్క ప్రశ్నను అలవాటు చేసుకుంటే పై మూడు పరీక్షల అవసరం రానురాను తగ్గిపోతుంది.

మూడో అడుగు: తెలుగు చెవి ఎక్కడ సాయం చేస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోండి

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. తెలుగులోనూ ఉంది. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’, ‘నాకు ఇష్టం’, ‘నాకు ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు’ అంటాం. వీటిలో దేనికీ ‘-తున్నాను’ తగలదు. పైగా మనిషి ఇక్కడ ‘నేను’ కాదు, ‘నాకు’. పని చేసేవాడిగా కాక, ఆ స్థితి ఎవరికి ఉందో ఆ మనిషిగా వాక్యంలో కూర్చుంటాడు. అందుకే తెలుగు వాక్యం ‘నాకు’తో మొదలైతే, ఇంగ్లీషులో స్థితి క్రియ రాబోతోందని అనుమానించండి. ‘ఐ నో’, ‘ఐ వాంట్’, ‘ఐ లైక్’, ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’. వీటిలో ‘యామ్’ దూరడానికి చోటు లేదు.

మోసం ‘-తున్న’ దగ్గర జరుగుతుంది. తెలుగులో ఆ రూపం చాలా విస్తారంగా వాడతాం. ‘మీరు చెప్పింది నిజమని నమ్ముతున్నాను’, ‘రేపు వాన పడుతుందనుకుంటున్నాను’, ‘నిన్ను ప్రేమిస్తున్నాను’, ‘దూరంగా కొండ కనిపిస్తోంది’, ‘ఎవరో పాడుతున్నట్టు వినిపిస్తోంది’, ‘అతను అలసిపోయినట్టు అనిపిస్తోంది’. ఇవన్నీ చక్కని తెలుగు వాక్యాలు. వీటిని మాటకు మాట ఇంగ్లీషులోకి దించితే వరుసగా తప్పులే వస్తాయి. ఇంగ్లీషులో ఇవి ‘ఐ బిలీవ్’, ‘ఐ థింక్’, ‘ఐ లవ్ యూ’, ‘ఐ కెన్ సీ ఎ హిల్’, ‘ఐ కెన్ హియర్ సమ్‌వన్ సింగింగ్’, ‘హీ సీమ్స్ టైర్డ్’ అవుతాయి. ‘కనిపిస్తోంది, వినిపిస్తోంది’ అన్నచోట ‘కెన్’ రావడాన్ని గమనించారా? ఈ క్షణంలో కంటికి, చెవికి అందుతున్నదాన్ని చెప్పడానికి ఇంగ్లీషువారు కంటిన్యువస్‌కు బదులు తరచూ ‘కెన్ సీ’, ‘కెన్ హియర్’, ‘కెన్ స్మెల్’ వాడతారు. మన పాఠాల్లో దీన్ని నొక్కిచెప్పడం తక్కువ. నా దృష్టిలో ఇది తప్పనిసరిగా నేర్పవలసిన విషయం.

ఒళ్లు, మనసు చెప్పుకునే మాటల్లో ఇంకో చిక్కుంది. ‘నాకు ఆకలేస్తోంది’, ‘చలేస్తోంది’, ‘భయమేస్తోంది’ అనే వాక్యాలకు ఇంగ్లీషులో ఐఎన్‌జీ మాట దొరకదు. ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ కోల్డ్’, ‘ఐ యామ్ స్కేర్డ్’ అని విశేషణంతో చెప్పాలి. అయితే ‘నాకు కోపం వస్తోంది’ అన్నప్పుడు మార్పును చెబుతున్నాం, కోపం ఇంకా పెరుగుతోంది. అప్పుడు ‘ఐ యామ్ గెటింగ్ యాంగ్రీ’ అనడం సరిగ్గా సరిపోతుంది. ‘గెట్’ వచ్చిందంటే స్థితిలోకి వెళ్లే దారిని చెబుతున్నామన్నమాట, దారి ఎప్పుడూ జరిగేదే.

చూడటం, వినడం దగ్గర మాత్రం తెలుగు మనకు గట్టి ఆసరా. ‘కనిపించు’, ‘చూడు’ అని మనకు రెండు మాటలున్నట్టే ఇంగ్లీషులో ‘సీ’, ‘లుక్’ ఉన్నాయి. ‘వినిపించు’, ‘విను’కు ‘హియర్’, ‘లిజన్’ ఉన్నాయి. కంటబడితే ‘సీ’, కన్ను పెట్టి చూస్తే ‘లుక్ ఎట్’. చెవిన పడితే ‘హియర్’, చెవి ఒగ్గితే ‘లిజన్ టు’. మొదటి మాటలు స్థితికి, రెండో మాటలు పనికి. ‘ఐ యామ్ లిజనింగ్, బట్ ఐ కాంట్ హియర్ ఎనీథింగ్’ అనే ఒక్క వాక్యంలో రెండూ తమ తమ స్థానాల్లో ఉన్నాయి: చెవి ఒగ్గి వింటూనే ఉన్నాను, ఏమీ వినిపించడం లేదు.

నాలుగో అడుగు: స్థితి అర్థాలు ఎక్కువగా కనబడే చోట్లు

మాటల జాబితా వద్దన్నాను కాని అర్థాల ప్రాంతాలు తెలిసి ఉండటం మేలు. తెలివికి, అభిప్రాయానికి చెందినవి ఒక ప్రాంతం: నో, బిలీవ్, అండర్‌స్టాండ్, రిమెంబర్, డౌట్, మీన్. ఇష్టానిష్టాలు, కోరికలు, అవసరాలు ఇంకొకటి: లైక్, హేట్, ప్రిఫర్, వాంట్, నీడ్. కలిగి ఉండటం, చెంది ఉండటం, ఇమిడి ఉండటం మరొకటి: ఓన్, పొసెస్, బిలాంగ్, కంటెయిన్, కన్సిస్ట్. చివరిగా ఉనికి, పోలిక, కొలత: ఎగ్జిస్ట్, సీమ్, రిజెంబుల్, కాస్ట్, వెయ్. ఇంద్రియాల మాటలకు రెండు ముఖాలుంటాయి కాబట్టి వాటిని విడిగా చూద్దాం.

పని క్రియలకు ఇలాంటి పటం అక్కరలేదు, ఇంగ్లీషు క్రియల్లో అత్యధిక భాగం అవే. అయితే అవన్నీ ఒకే రకమనుకోవద్దు. 1957లో జెనో వెండ్లర్ అనే తత్త్వవేత్త క్రియలను నాలుగు తరగతులుగా విడదీశారు. ఒకటి స్థితి. మిగిలిన మూడూ మనం పని అంటున్నవాటిలోకి వస్తాయి: పరుగెత్తడం వంటి గమ్యం లేని కార్యకలాపం, ఉత్తరం రాయడం వంటి గమ్యమున్న పని, చేరుకోవడం వంటి ఒక్క క్షణపు సంఘటన. పరుగును నడుమ ఆపేసినా పరుగెత్తినట్టే. ఉత్తరాన్ని నడుమ ఆపేస్తే ఉత్తరం రాసినట్టు కాదు. ఇక చేరుకోవడానికి నడుమే లేదు కనుక ‘ద ట్రెయిన్ ఈజ్ అరైవింగ్’ అంటే రైలు ఇంకా చేరలేదు, చేరబోతోందని అర్థం. ‘అరైవ్’ పని క్రియే, అయినా దాని కంటిన్యువస్‌కు వచ్చే అర్థం ‘రన్’ కంటిన్యువస్‌కు వచ్చే అర్థం లాంటిది కాదు. ఈ సూక్ష్మం పరీక్షలకు అవసరం పడకపోవచ్చు, చదివేటప్పుడు, వినేటప్పుడు మాత్రం చాలా పనికొస్తుంది.

అయిదో అడుగు: రెండు ముఖాల క్రియల దగ్గర ఎక్కువ సేపు ఆగండి

అసలు సంగతంతా ఇక్కడ ఉంది. మీకు అరగంట సమయమే ఉంటే మిగతావన్నీ వదిలి దీన్ని చదవమంటాను.

‘హ్యావ్’తో మొదలుపెడదాం. కలిగి ఉండటం అనే అర్థంలో అది స్థితి: ‘షీ హ్యాజ్ ఎ కార్’. అనుభవించడం, తినడం, జరుపుకోవడం అనే అర్థాల్లో పని: ‘షీ ఈజ్ హ్యావింగ్ లంచ్’, ‘దే ఆర్ హ్యావింగ్ ఎ పార్టీ’, ‘ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ దిస్ లాక్’. రెండింటినీ విడదీయడానికి నమ్మకమైన ఉపాయం ఒకటుంది. ‘హ్యావ్’ స్థానంలో ‘హ్యావ్ గాట్’ పెట్టి చూడండి. ‘షీ హ్యాజ్ గాట్ ఎ కార్’ కుదిరింది, కాబట్టి స్థితి. రోజూ పొద్దున స్నానం చేస్తానని చెప్పడానికి ‘ఐ హ్యావ్ ఎ బాత్ ఎవ్రీ మార్నింగ్’ అంటాం, అక్కడ ‘గాట్’ కుదరదు, కాబట్టి పని. ఈ తేడా ఎంత అర్థాన్ని మోస్తుందో చూడండి: ‘షీ హ్యాజ్ ఎ బేబీ’ అంటే ఆమెకు పసిబిడ్డ ఉంది. ‘షీ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ’ అంటే ఆమె గర్భవతి, లేదా ఇప్పుడు కాన్పు జరుగుతోంది. ఒక్క ఐఎన్‌జీతో బిడ్డ పుట్టిందా, పుట్టబోతోందా అన్నదే మారిపోయింది.

‘థింక్’ అభిప్రాయమైతే స్థితి, ఆలోచన సాగుతూ ఉంటే పని. ‘వాట్ డు యూ థింక్?’ అని అడిగితే మీ అభిప్రాయం కావాలి. ‘వాట్ ఆర్ యూ థింకింగ్?’ అని అడిగితే మీ మనసులో ఇప్పుడు ఏం నడుస్తోందో కావాలి. వాక్యం ఆకారం కూడా దారి చూపుతుంది. ‘థింక్’ తరువాత ‘దట్’ వచ్చినా, వచ్చే వీలున్నా సాధారణంగా అభిప్రాయం: ‘ఐ థింక్ దట్ హీ ఈజ్ రైట్’. ‘అబౌట్’ గాని ‘ఆఫ్’ గాని వచ్చి, ఇప్పటి సంగతి చెబుతుంటే పని: ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్ చేంజింగ్ మై జాబ్’.

‘ఎక్స్‌పెక్ట్’ కూడా ఇదే దారిలో నడుస్తుంది. ‘ఐ ఎక్స్‌పెక్ట్ హీ ఈజ్ టైర్డ్’ అంటే అలసిపోయి ఉంటాడని నా ఊహ. ‘ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ ఎ కాల్’ అంటే ఫోను కోసం చూస్తున్నాను. ‘సీ’ని డాక్టరు దగ్గరికి వెళ్లడానికి, ఒకరినొకరు కలుసుకోవడానికి వాడితే ‘ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో’ అనవచ్చు. ‘అపియర్’ అగుపించడమైతే ‘హీ అపియర్స్ కామ్’, నాటకంలో వేషం కట్టడమైతే ‘హీ ఈజ్ అపియరింగ్ ఇన్ ఎ ప్లే’. ‘వెయ్’ బరువు ఉండటమైతే ‘ద బ్యాగ్ వెయ్స్ టెన్ కిలోస్’, తూచడమైతే ‘ద క్లర్క్ ఈజ్ వెయింగ్ ద బ్యాగ్’. సంచికి పది కిలోలు ఉండటం స్థితి, గుమాస్తా దాన్ని కాటాలో పెట్టడం పని. తెలుగులో ‘బరువుంది’, ‘తూస్తున్నాడు’ అని వేర్వేరు మాటలున్నాయి కనుక ఇక్కడ పొరబాటు పడాల్సిన పని లేదు.

స్మెల్, టేస్ట్, ఫీల్, లుక్ అనే నాలుగింటినీ ఇంకొంచెం దగ్గరగా చూడండి. ‘ద ఫ్లవర్ స్మెల్స్ స్వీట్’ అన్నప్పుడు పువ్వు ఏమీ చేయడం లేదు, దానికి ఆ గుణం ఉంది. ‘షీ ఈజ్ స్మెల్లింగ్ ద ఫ్లవర్’ అన్నప్పుడు ఆమె పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. తెలుగులో ‘పువ్వు మంచి వాసన వస్తోంది’ అంటాం కదా అని ‘ద ఫ్లవర్ ఈజ్ స్మెల్లింగ్’ అనేస్తాం. చదివేవారికి పువ్వే దేన్నో వాసన చూస్తున్నట్టు తోచే ప్రమాదం ఉంది. సూప్ ఉప్పగా ఉంటే ‘ద సూప్ టేస్ట్స్ సాల్టీ’. వండినవారు గరిటెతో రుచి చూస్తుంటే ‘షీ ఈజ్ టేస్టింగ్ ద సూప్’.

ఈ నాలుగింటికీ ఇంకో ఆనవాలు ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. స్థితి అర్థంలో ఇవి వెంట విశేషణాన్ని తెచ్చుకుంటాయి, పని అర్థంలో క్రియావిశేషణాన్ని తెచ్చుకుంటాయి. ‘హీ లుక్డ్ యాంగ్రీ’ అంటే అతను కోపంగా ఉన్నట్టు కనిపించాడు. ‘హీ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’ అంటే కోపంగా నావైపు చూశాడు. తెలుగులో రెండుచోట్లా ‘కోపంగా’ అనే మాటే వస్తుంది, అందుకే ‘స్మెల్స్ స్వీట్లీ’, ‘లుక్స్ బ్యూటిఫుల్లీ’ వంటి పొరబాట్లు మన రాతలో తరచు దొర్లుతుంటాయి. అక్కడున్నది స్థితి అని గుర్తించగానే ఆ ‘లీ’ రాలిపోవాలి.

ఆరో అడుగు: ‘బీ’ క్రియ నటనగా మారే సందర్భం

‘బీ’ కన్నా స్వచ్ఛమైన స్థితి క్రియ లేదనిపిస్తుంది. అయినా ‘హీ ఈజ్ బీయింగ్ రూడ్’ అనే వాక్యం సరైనదే. ‘హీ ఈజ్ రూడ్’ అంటే అతని స్వభావమే మొరటు. ‘బీయింగ్ రూడ్’ అంటే ఈ కాసేపు మొరటుగా ప్రవర్తిస్తున్నాడు, మామూలుగా అలాంటివాడు కాకపోవచ్చు. పిల్లవాడి గురించి టీచరు ‘హీ ఈజ్ బీయింగ్ నాటీ టుడే’ అంటే ఆ మాటలో ఎంత దయ ఉందో చూడండి. అల్లరి ఇవాళ్టిది, పిల్లవాడిది కాదు.

ఇది మన అదుపులో ఉండే గుణాలకే చెల్లుతుంది. కైండ్, సిల్లీ, కేర్‌ఫుల్, పొలైట్ వంటివాటితో ‘బీయింగ్’ వస్తుంది. టాల్, ఓల్డ్, హంగ్రీ వంటివాటితో రాదు. కాసేపు పొడవుగా ప్రవర్తించడం కుదరదు కదా. ‘బీ కైండ్’ అని ఆజ్ఞాపించగలం కాబట్టి ‘ఈజ్ బీయింగ్ కైండ్’ అనగలం, ‘బీ టాల్’ అనలేం కాబట్టి ‘ఈజ్ బీయింగ్ టాల్’ కూడా అనలేం. రెండో అడుగులోని ఆజ్ఞ పరీక్ష ఇక్కడ చక్కగా పనిచేస్తుంది.

ఏడో అడుగు: మిగతా కాలాల్లోకి వెళ్లండి, నిషేధం ఎక్కడ ఆగుతుందో చూడండి

ఈ నియమం వర్తమానానికే పరిమితం కాదు. ‘నాకు తెలియదు’ అని గతంలో చెప్పాలంటే ‘ఐ డిడ్ నాట్ నో’ అనాలి, ‘ఐ వాజ్ నాట్ నోయింగ్’ అనకూడదు. ‘అతను నాకు పదేళ్లుగా తెలుసు’ అనే వాక్యం దగ్గర రెండు గుంటలున్నాయి. ‘ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనేది ఒకటి, ‘ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హిమ్’ అనేది ఇంకొకటి. సరైనది ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’. గతంలో మొదలై ఇప్పటిదాకా ఉన్న స్థితికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలి, వ్యవధికి ‘ఫర్’ రావాలి, మొదలైన సంవత్సరం చెబితే ‘సిన్స్’ రావాలి. అదే పని క్రియ అయితే ‘ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ టెన్ మినిట్స్’ అని కంటిన్యువస్ నిరభ్యంతరంగా వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్థితి క్రియలకు ఐఎన్‌జీ ఎప్పుడూ తగలకూడదని నేర్చుకున్నవారు ‘నోయింగ్’ ఎక్కడ కనబడినా ఉలిక్కిపడతారు. నిషేధం ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్’ పక్కన వచ్చి కంటిన్యువస్‌గా మారిన ఐఎన్‌జీకి మాత్రమే. ‘ఓనింగ్ ఎ హౌస్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్’లో అది నామవాచకం. ‘నోయింగ్ ద రోడ్, షీ డ్రోవ్ ఫాస్ట్’లో ‘దారి తెలుసు కాబట్టి’ అని అర్థం. ‘ఎ బాక్స్ కంటెయినింగ్ ఓల్డ్ లెటర్స్’ అంటే పాత ఉత్తరాలున్న పెట్టె. ఇవన్నీ శుద్ధమైన ఇంగ్లీషు.

ఎనిమిదో అడుగు: నియమం వంగే చోట్లను తప్పులనుకోకండి

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి మాటల్లో ‘ఐ యామ్ లవింగ్ దిస్ వెదర్’ వంటివి వినబడతాయి. ‘లవ్’ ఇక్కడ స్థిరమైన ప్రేమ కాదు, ఈ రోజుల్లో కలుగుతున్న ఆనందం. తాత్కాలికమని సూచించడానికే కంటిన్యువస్ తెచ్చారు. ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్ మోర్ అండ్ మోర్’ అన్నప్పుడు అర్థం కావడం కొద్దికొద్దిగా పెరుగుతోంది, మార్పు జరుగుతోంది. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ హెల్ప్ మీ’, ‘ఐ వాజ్ హోపింగ్ టు టాక్ టు యూ’ అనడం మర్యాద కోసం. సూటిగా అడగకుండా కాస్త వెనక్కి తగ్గి అడిగినట్టుంటుంది. ఒంట్లో ఎలా ఉందో చెప్పేటప్పుడు ‘ఐ ఫీల్ టైర్డ్’, ‘ఐ యామ్ ఫీలింగ్ టైర్డ్’ రెండూ దాదాపు ఒకటే. ‘మై లెగ్ హర్ట్స్’, ‘మై లెగ్ ఈజ్ హర్టింగ్’ కూడా అంతే.

తాత్కాలికం, శాశ్వతం అనే ఈ తేడా ‘లివ్’, ‘స్టాండ్’ వంటి మాటల్లో అందంగా కనిపిస్తుంది. ‘ద టెంపుల్ స్టాండ్స్ ఆన్ ఎ హిల్’ అంటాం, గుడి అక్కడే ఉంటుంది కాబట్టి. గుడి ముందు నిలబడ్డ మనిషిని మాత్రం ‘హీ ఈజ్ స్టాండింగ్’ అంటాం, కాసేపటికి వెళ్లిపోతాడు కాబట్టి. ‘ఐ లివ్ హియర్’ అంటే నా ఇల్లు ఇక్కడే. ‘ఐ యామ్ లివింగ్ హియర్’ అంటే ప్రస్తుతానికి ఇక్కడ ఉంటున్నాను.

మరి ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ సంగతేమిటి? దక్షిణాసియా ఇంగ్లీషు లక్షణాల్లో ఒకటిగా భాషావేత్తలు ఇలాంటి వాక్యాలను నమోదు చేశారు. అలా మాట్లాడేవారిని చులకన చేయడం నాకు ససేమిరా నచ్చదు, భావం స్పష్టంగానే అందుతుంది. కాని ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో రాతలోనూ మాటలోనూ నాలుగో వంతు మార్కులు వ్యాకరణానివే. ఉద్యోగం కోసం రాసే ఉత్తరాన్ని చదివేవారు కూడా ఇలాంటిదాన్ని లోపంగానే లెక్కగడతారు. అందువల్ల ప్రామాణిక రూపం చేతిలో ఉండాలి.

తొమ్మిదో అడుగు: ఒక ఉత్తరాన్ని ముందు పెట్టుకుని సరిచేయండి

ఒక దరఖాస్తులోని వాక్యాలివి అనుకుందాం: ‘ఐ యామ్ హ్యావింగ్ ఫోర్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ అకౌంట్స్. ఐ యామ్ కరెంట్లీ వర్కింగ్ ఇన్ ఎ స్మాల్ ఫర్మ్. ఐ యామ్ నోయింగ్ త్రీ లాంగ్వేజెస్. ఐ యామ్ బిలీవింగ్ దట్ దిస్ పోస్ట్ ఈజ్ సూటింగ్ మీ. ఐ యామ్ థింకింగ్ ఆఫ్ మూవింగ్ టు యువర్ సిటీ. ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై.’

ముందు ‘యామ్’ లేదా ‘ఈజ్’ పక్కన ఐఎన్‌జీ ఉన్న ప్రతిచోటా గీత గీయండి. ఏడు గీతలు పడతాయి. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ జరుగుతోందా, ఉందా అని అడగండి. అనుభవం ఉంది, ‘హ్యావ్ గాట్’ కుదురుతుంది, కాబట్టి ‘ఐ హ్యావ్’. ఉద్యోగం చేయడం జరుగుతోంది, పైగా ‘కరెంట్లీ’ అన్నారు, దాన్ని ముట్టుకోవద్దు. భాషలు తెలిసి ఉన్నాయి, ‘ఐ నో’. నమ్మకం ఉంది, ‘ఐ బిలీవ్’. ఉద్యోగం తనకు తగి ఉంది, తగడం గుణమే, ‘సూట్స్ మీ’. ఊరు మారే ఆలోచన సాగుతోంది, ‘ఆఫ్’ కూడా ఉంది, ‘ఐ యామ్ థింకింగ్’ అలాగే ఉండనివ్వండి. చివరి వాక్యానికి రెండు రూపాలూ సరైనవే. స్నేహితుడికి ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ బాగుంటుంది, దరఖాస్తులో ‘ఐ లుక్ ఫార్వర్డ్’ ఎక్కువ మర్యాదగా వినబడుతుంది. ఏడింటిలో నాలుగు తప్పనిసరిగా మారాయి, రెండు నిలిచాయి, ఒకటి మన ఇష్టానికి మిగిలింది. ఐఎన్‌జీలన్నీ కొట్టేసి ఉంటే ఆ రెండింటినీ పాడుచేసేవాళ్లం.

మీ సొంత రాతను, నిన్న పంపిన మెయిలైనా సరే, ఇలాగే ముందు పెట్టుకోండి. ఒక విడత అయ్యాక ఎదురు దిశలో మళ్లీ చదవండి. ఈసారి సింపుల్ ప్రెజెంట్‌లో ఉన్న క్రియలను వెతకండి, ఎందుకంటే ఈ పాఠం కొత్తగా నేర్చినవారు భయంతో పని క్రియల నుంచి కూడా ఐఎన్‌జీని తీసేస్తుంటారు. ‘ఐ వెయిట్ ఫర్ యువర్ కాల్ నౌ’ అని రాసి ఉంటే, ఎదురుచూపు జరిగే పని, ‘నౌ’ పక్కనే ఉంది, అక్కడ ‘ఐ యామ్ వెయిటింగ్’ అని తిరిగి రాయండి.